తుండుగుడ్డ కింద

దామలచెరువు మండీలో
బేరం నోటితో జరగదు.
తుండుగుడ్డ కింద రెండు చేతులు కలుస్తాయి.
వేలు పట్టుకుంటే వెయ్యి,
వేలి కణుపు నొక్కితే ఐదు నూర్లు.
పైన మాత్రం ఇద్దరూ
వాన గురించి మాట్లాడుకుంటా ఉంటారు.
గుడ్డ తీసినాక అది మాట కాదు,
లారీ కదిలిపోతుంది.

నేను రాసే స్క్రిప్టూ అంతే అనుకున్నా.
ఒక వేరియబుల్‌లో ‘తీసెయ్’ అనే ముక్క,
ఇంకోదాంట్లో ఊరు,
ఇంకోదాంట్లో కాయ రకం.
అన్నిటినీ ఒక దారానికి గుచ్చి
ముందర ‘ఇవాల్’ అని పెడితే చాలు,
దండ కాస్తా ఆజ్ఞ అవుతుంది.
షెల్లు ఒకసారి చదువుతుంది, ఇవాల్ మళ్ళీ చదివిస్తుంది.
మొదటి చదువుకు పేరు,
రెండో చదువుకు పని.
ఎంత గర్వంగా ఉండిందో ఆ రెండో చదువు.

మొదటి తప్పు చిన్నదే.
ఇమాం పసందు రెండుగా విరిగింది.
ఇమాం ఒక రైతు, పసందు ఇంకో రైతు,
ఇద్దరికీ చీటీ కొట్టింది ప్రింటరు.
చెంగల్రాయులన్న కళ్ళజోడు ఎత్తి చూసి
“పసందు దగ్గర కమీషను ఎంత పట్టాల మే?” అన్నాడు.
మండీ అంతా నవ్వింది.

కొంగుకు ముడి వేసినట్టు
రెండు పక్కలా కోట్ గుర్తులు పెట్టినా.
మొదటి చదువులోనే ఆ ముడి విప్పేసుకుని
రెండో చదువుకు ఉత్త చేతులతో పోయింది మాట.
ఇంకో ముడి వేసినా, దానిమీద ఇంకోటి.
ముడులు లెక్కపెట్టుకుంటా
జూన్ నెల సగం అయిపోయింది.

గుమాస్తా యతిరాజులుకు ఒక అలవాటు,
ముప్పై ఏళ్ళది.
వానకు రాలిన కాయ వస్తే
పేరు పక్కన నక్షత్రం వేస్తాడు.
నీలం, నక్షత్రం. తోతాపురి, నక్షత్రం.
మాకది దెబ్బ తిన్న కాయ,
షెల్లుకది ఉన్నదంతా.

రాత్రి పదకొండున్నర.
బయట పల్ప్ ఫ్యాక్టరీ లారీలు, సన్నటి తుంపర.
ఒక్క చీటీ తీసెయ్యమన్నా.
నూట నలభై ఆరూ తీసేసింది.
చప్పుడు లేదు, ప్రశ్న లేదు,
ఖాళీ గీత మీద మినుకు మినుకుమంటా కర్సరు.
చెప్పింది చేసింది పాపం,
చెప్పింది నేనే.

చెంగల్రాయులన్న తిట్టలేదు.
కుర్చీ లాక్కొని, కళ్ళు మూసుకుని
తన చేతుల మీద తానే తుండుగుడ్డ కప్పుకున్నాడు.
ఒక్కో వేలూ కదిలిస్తా చెప్పినాడు.
పులిచెర్ల, పద్నాలుగు క్రేట్లు, బేనిషా.
పెనుమూరు, మల్గూబ, రెండు రోజుల కాయ.
పూతలపట్టు వాళ్ళ తూకంలో అరటన్ను తగాదా, అదీ రాసుకో.
తెల్లారేదాకా
గుడ్డ కింద వేళ్ళు గొణుగుతానే ఉండాయి.

మూడు చీటీలు మాత్రం దొరకలేదు.
ఐరాల ఆదెమ్మ వచ్చి ఎంత చెబితే అంత రాసినాం.
ఆమె తక్కువే చెప్పిందని
యతిరాజులు ఇప్పటికీ అంటాడు.

“దానికి నోరుందా మే?” అని అడిగినాడన్న
టీ గ్లాసు నా ముందర పెట్టి.
“ఉండాది” అన్నా.
“మరి చేసేముందర ఒకసారి చెప్పమను. బేరానికైతే గుడ్డ కప్పుకుంటాం గానీ
తూకానికి ఎవడన్నా కప్పుకుంటాడా?”

దారం తెంచేసినా.
ఇప్పుడు ఒక్కో ముక్కకూ ఒక్కో క్రేటు,
ఊరిది ఊరికి, కాయది కాయకు.
ఇమాం పసందు మధ్యన ఖాళీతోనే
ఒకే క్రేట్లో హాయిగా పడుకుంటుంది.
నక్షత్రం లోపలికొస్తే నక్షత్రంగానే ఉంటుంది,
ఆకాశమంతా నాదే అనదు.
ఇవాల్ మాట తీసేసినా.
పని జరిగేముందర ఎకో
ప్రతి ఆజ్ఞనూ తెర మీద పరుస్తుంది.
యతిరాజులు దాన్ని గట్టిగా చదువుతాడు,
ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటా.
“ఊ” అంటేనే నేను ఎంటర్ నొక్కేది.

నక్షత్రాలు ఆయన మానలేదు.
మానమని నేనూ అడగలేదు.

నిన్న సీజన్ ఆఖరి లారీ పోయినాక
అన్న తన తుండుగుడ్డ దులిపి
నా మానిటర్ మీద కప్పి పోయినాడు.
దుమ్ము పడతాదంట.